జీతము లేని సేవకు పరిహారము

గడ్డివామి అంటుకొన్నదను కేక వినబడినచో మన గ్రామములలో బిందె చేతబట్టి పరుగెత్తనివాడుండడు. పట్టణమునుండి ఫైరింజను వచ్చునప్పటికి సగము పని ఊరివారే చేసియుందురు. అట్లు పోయినవారిలో నొకడు కాలుచున్న పాక మీదపడి మరణించినయెడల, లేక నడుము విఱిగి యావజ్జీవము మంచము పట్టినయెడల, వాని యాలుబిడ్డల గతి యేమి? ఊరివారు చందాలెత్తి కొంత సొమ్మిత్తురు. అధికారులు వచ్చి విచారించి పోవుదురు. ప్రభుత్వమువారు కనికరించి కొంత మంజూరు చేయుటయు గలదు. కాని కనికరముచేత వచ్చునది వేఱు, హక్కుగా వచ్చునది వేఱు. కనికరము ఒకరికి లభించును, మఱియొకరికి లభింపదు. ఎందులకని అడుగుటకు వీలులేదు.

ఈ విషయమున కనికరమును హక్కుగా మార్చిన చట్టమొకటి అమెరికా సంయుక్త రాష్ట్రములలో 1976వ సంవత్సరమునుండి గలదు. ప్రజల ప్రాణములను, సొత్తును కాపాడు పనిలో మరణించిన పోలీసుల, మంటలార్పువారల కుటుంబములకు కేంద్ర ప్రభుత్వపు ఖజానానుండి సొమ్మిచ్చుట దాని సారాంశము. ఇది మన దేశపు చట్టము కాదు. దీనివలన మనలో నెవ్వరికిని దమ్మిడీ రాదు. అయినను మన సభ్యులకు దీనిని గూర్చి వ్రాయుటకు కారణము గలదు. జీతము పుచ్చుకొను నగరపు ఉద్యోగికిని, జీతమే లేక పొలమునుండి పరుగెత్తిన పల్లెటూరి రైతునకును ఆ చట్టము ఒకే లెక్క వేసినది. ఆ సమత్వము ఎట్లు కుదిరినది, దానిని చేతికి తెచ్చుకొనుటలో కుటుంబములు ఎట్టి చిక్కులు పడినవి యను సంగతులు తెలిసికొనదగినవి.

అమెరికా యనగానే మేడలును యంత్రములును మనకు స్ఫురించును. కాని ఆ దేశపు పల్లెలలో మంటలార్పువారు సాధారణముగ జీతగాండ్రు కారు. దేశమందలి మంటలార్పువారి నందఱిని లెక్కించినను సగముకంటె నెక్కువమంది స్వచ్ఛంద సేవకులే. పగలంతయు మొక్కజొన్న చేలలో పనిచేయు రైతు, బజారులో కొట్టు నడుపు వర్తకుడు, బడిపంతులు, మోటార్లు బాగుచేయు పనివాడు, వీరే ఊరి దళము. పిలుపు వచ్చినతోడనే చేతిలోని పని విడిచి ఇంజను తోలుకొని పోవుదురు. ఇంజనునకు, గొట్టములకు కావలసిన సొమ్ములో కొంత పన్నులనుండి వచ్చును. కొంత ఊరి విందులు పెట్టి టిక్కెట్లమ్మి కూడబెట్టుదురు. రోడ్డుమీద బండ్లు ఢీకొన్నను, వరదలో మనుష్యులు చిక్కినను పిలుపు వీరికే.

అచ్చటి రైతులు ధాన్యమును ఇనుప రేకులతో కట్టిన యెత్తైన గాదెలలో నిలువ చేయుదురు. అడుగునుండి ధాన్యము వదలుచున్నప్పుడు పైన నడచినవాడు ఊబిలో దిగినట్లు కొలది క్షణములలోనే నడుమువఱకు దిగిపోవును. వానిని చేతులు పట్టి పైకి లాగుట సాధ్యము కాదు. లాగినచో వాని కీళ్లు సడలును. వాని చుట్టును రేకులు దింపి, నడుమనున్న ధాన్యమును తోడివేసి, మెల్లగా బయటికి తీయవలెను. ఈ విద్య నేర్చి, సిద్ధముగ నుండువారు ఆ యూరి స్వచ్ఛంద దళమువారే. వానిని తీయబోయి తామును మునిగినవారు గలరు.

ఈ యాచారము చాల ప్రాతది. బెంజమిన్ ఫ్రాంక్లిన్ మహాశయుడు 1736లో ఫిలడెల్ఫియా నగరమున యూనియన్ ఫైర్ కంపెనీ యను సంఘమును స్థాపించెను. సభ్యులు సుమారు ముప్పదిమంది. ప్రతివాడును తోలు బొక్కెనలు కొన్ని, గట్టి సంచులు, గంపలు ఇంట సిద్ధముగ నుంచుకొనవలెను. మంట లేచినచోటికి వానితో పోవలెను. బొక్కెనలు నీటికి, సంచులు సామాను తరలించుటకు. నెలకొక సమావేశము; రానివానికి జుల్మానా; ఆ జుల్మానా సొమ్ము ఇంజనులకు, నిచ్చెనలకు వెచ్చించిరి. మన సంఘపు సర్వసభ్య సమావేశములకు ఇట్టి నియమమున్నచో ఈపాటికి మనకు రెండు గోదాములు లేచియుండును! 1752లో ఫ్రాంక్లిన్ ప్రభృతులే ఇండ్లకు అగ్నిప్రమాదపు భీమా చేయుటకై పరస్పర సంఘమొకటి నెలకొల్పిరి. సహకారులు నేడు పెద్దగా స్మరించు రాచ్‌డేలు నేతపనివారు తమ దుకాణము తెఱచినది 1844లోనని జ్ఞాపకముంచుకొనినచో దీని పూర్వత తెలియును.

ఇండ్లకు భీమా వచ్చినది గాని, ఇండ్లను కాపాడ పోయినవానికి దేశమంతటను వర్తించు ఏర్పాటు రెండు శతాబ్దములకు పైగా రాలేదు. కొన్ని నగరములును, కొన్ని రాష్ట్రములును తమ తమ నిధులను ఏర్పఱచుకొనెను. బీద పల్లెలకు అట్టి శక్తి లేకుండెను.

పరిహారపు చట్టములు సాధారణముగ జీతమును పట్టి నడచును. మన దేశమున 1923లో చేసిన కార్మిక పరిహారపు చట్టము ఈ మార్గముననే సాగినది. మరణించినవాని నెలజీతమెంత, వయస్సెంత యని చూచి, ఆ రెంటిని పట్టి కుటుంబమునకు రావలసినది లెక్క కట్టుట దాని పద్ధతి. కర్మాగారమునకు ఇది తగియున్నది. కాని జీతమే లేనివాని సంగతి యేమి? సున్నను ఎన్నింట హెచ్చించినను సున్నయే.

1976 సెప్టెంబరు 29వ తేదీన అధ్యక్షుడు ఫోర్డు సంతకము చేసిన అమెరికా చట్టము ఈ చిక్కును మఱియొక వైపునుండి విప్పినది. చనిపోయినవాని జీతమును అడుగుట మాని, వాని కర్తవ్యమును అడిగినది. కర్తవ్యమున గాయపడి మరణించినయెడల కుటుంబమునకు 50,000 డాలర్లు. నగరపు పోలీసు అధిపతికిని అంతే, జీతము లేని పల్లె సేవకునికిని అంతే.

అయితే మొదటి చట్టమున ఒక లోపముండెను. మొత్తమును స్థిరముగ నిలిపిరి గాని ధరలు నిలువలేదు. పండ్రెండేండ్లలో అచ్చటి ధరలు రెట్టింపునకు మించినవి; 50,000 డాలర్లు పేరునకు అంతే యున్నను విలువలో సగమునకు దిగెను. అందుచే 1988లో దానిని 1,00,000 డాలర్లకు పెంచి, ఇకపై ధరలతోపాటు ఏటేట పెరుగునట్లు నిబంధన చేర్చిరి. 2001లో మూలమొత్తమును 2,50,000 డాలర్లు చేసిరి. 2024 అక్టోబరు 1వ తేదీతో మొదలైన సంవత్సరమునకు అది 4,48,575 డాలర్లు. డాలరునకు 85 రూపాయల చొప్పున లెక్కించినచో 3 కోట్ల 81 లక్షల రూపాయలకు పైబడును. ఇది ఇతరత్ర రావలసిన పింఛను, భీమా మొదలగువానికి సామాన్యముగ బదులు కాదు, వానికి అదనము.

ఆ చట్టపు విలువ తెలియుటకు రైతులకు సన్నిహితమైన యొక సంగతి చెప్పెదను. టెక్సాసు రాష్ట్రమున వెస్ట్ అను చిన్న వ్యవసాయపుటూరు గలదు. చెక్ దేశమునుండి వలసవచ్చినవారి సంతతి అచ్చట పెక్కుమంది. 2013 ఏప్రిలు 17వ తేదీ సాయంకాలము ఆ యూరి ఎరువుల కొట్టులో మంట లేచెను. ఊరి స్వచ్ఛంద దళమువారు పోయిరి. పొరుగూళ్ల దళములవారు కొందఱు కలిసిరి. ఆ కొట్టులో అమ్మోనియం నైట్రేటు నిలువయుండెను. ఇది యూరియా వంటిది కాదు. మంటలో మిక్కిలి కాగినచో ప్రేలగల సరకు. అర్ధగంట గడువకమునుపే సుమారు ముప్పది టన్నులు ఒక్కుమ్మడి ప్రేలెను. 15 మంది మరణించిరి. వారిలో 12 మంది ఆపద వినివచ్చి సాయము చేయుచున్నవారు. లోపలి సరకు అట్లు ప్రేలగలదను విషయము దళమువారికి చాలినంతగ తెలియకపోవుటయు, ఇట్టి ఆపదకు ముందుగా ఏర్పాటు లేకుండుటయు తరువాతి విచారణలో బయటపడెను. మన గోదాముల గుమాస్తాలు ఈ వాక్యమును రెండుమాఱులు చదువవలెను.

స్వచ్ఛంద దళసభ్యుని భార్యను జీతపు చీటీ చూపుమన్నచో ఆమె యేమి చూపగలదు? దళపు రిజిస్టరులో పేరు మాత్రము చూపగలదు. ఈ చట్టమునకు కావలసినది ఆ పేరే.

ఆ సంవత్సరముననే, జూను 30వ తేదీన, అరిజోనా రాష్ట్రమందలి యార్నెల్ కొండ కార్చిచ్చులో ప్రెస్కట్ నగరపు దళమువారు 19 మంది ఒక్కచోటనే మరణించిరి. వారిలో ఆఱుగురు మాత్రమే నగరమునకు స్థిరోద్యోగులు. తక్కిన 13 మంది కార్చిచ్చుల కాలమునకు మాత్రము కుదిరినవారు. అందఱును ఒకే నిప్పులో, ఒకే పనిలో చనిపోయిరి. కాని నగరపు పింఛను, ఆరోగ్యభీమా మొదలగు సౌకర్యములు స్థిరోద్యోగుల కుటుంబములకే యని చెప్పుటచే వితంతువుల నడుమ భేదమేర్పడి పెద్ద వివాదము రేగినది. కేంద్ర చట్టపు సొమ్మునకు ఈ భేదము లేదు. స్థిరోద్యోగియా, కాలపు పనివాడా యని అది అడుగదు.

ఇక నెవ్వరికి రాదో చెప్పవలెను. చట్టము దళసభ్యునిగ నెంచునది ప్రభుత్వ గుర్తింపుగల దళమున పేరుండి, కర్తవ్యముపై పోయినవానినే. దారిన పోవుచు మంట చూచి దూకినవాడెంత ధీరుడైనను ఈ చట్టమునకు పరాయివాడే. ఇది కఠినమే, కాని గీత ఎచ్చటనో గీయక తప్పదు. గీత గీసినచోట అన్యాయము జరిగిన సందర్భములును గలవు. ప్రభుత్వ అంబులెన్సులవారిని 1986లోనే చేర్చిరి గాని, లాభాపేక్ష లేని ప్రైవేటు సంస్థల అంబులెన్సులలో అదే పని చేయువారు 2013 వఱకు వెలుపలనే యుండిరి. తన యిష్టముచే మత్తు సేవించియుండి మరణించినవానికిని, బుద్ధిపూర్వకమైన దుష్ప్రవర్తనచేత గాని అత్యంత నిర్లక్ష్యముచేత గాని చావు తెచ్చుకొన్నవానికిని ఈ పరిహారము లేదు. వాని చావునకు వారసుడే ముఖ్యముగ కారకుడైనచో ఆ వారసునికిని రాదు.

అన్నింటికంటె నెక్కువ పోరాటము జరిగినది గుండెపోటు విషయమున. మంటలార్పువారనగానే కాలి చచ్చెదరని మనమనుకొందుము. వాస్తవమేమనగా, ఆ దేశమున విధిలో నుండగా చనిపోవు మంటలార్పువారిలో పెక్కుమందిని పొట్టనపెట్టుకొనునది గుండెజబ్బే. ఏండ్ల తరబడి లెక్క చూచినచో దాదాపు సగము మరణములకు అదియే కారణము. బరువైన దుస్తులు, పొగ, వేడి, నిద్రనుండి లేచి ఒక్కసారిగ పరుగు, ఇవన్నియు గుండెమీద పడును. మొదటి చట్టము గాయమునే యెంచినది. గుండెపోటు గాయము కాదని, వాని దేహములోని జబ్బని త్రోసివేయుచుండిరి. మంట చల్లార్చి ఇంటికి వచ్చి, ఆ రాత్రియే నిద్రలో ప్రాణము విడిచినవాని భార్య ఏమని నిరూపింపగలదు?

2003 డిసెంబరులో దీనికి సవరణ వచ్చినది. సాధారణము కాని, మిక్కిలి శ్రమగల పనిలో నుండగా గాని, అట్టి పని ముగిసిన 24 గంటలలోపల గాని గుండెపోటో పక్షవాతమో వచ్చి మరణించినయెడల, అది కర్తవ్యమువలన వచ్చినదనియే భావింపవలెను. కాదని చూపవలసిన భారము ఇకపై ప్రభుత్వముది. న్యాయశాస్త్రమున ఇది చిన్న మాఱుపువలె కనబడును. కాని నిరూపించు భారము ఎవరి తలపై నున్నదో వాడే సాధారణముగ ఓడును. పంట నష్టపు విచారణలలో నిలబడిన రైతునకు ఈ సంగతి వేఱుగ చెప్పనక్కఱలేదు. అయినను చట్టము వచ్చినంతనే సొమ్ము రాలేదు. దానిని అమలుపఱచు నిబంధనలు 2006లో గాని తయారు కాలేదు; కుటుంబములు అంతకాలము ఎదురుచూచెను.

వికలాంగుల విషయము 1990లో చేరినది. మరణమునకిచ్చు మొత్తమునే వారికిని ఇత్తురు. కాని షరతు మిగుల బిగువైనది: వైకల్యము శాశ్వతమును, సంపూర్ణమును కావలెను. అనగా మంటలార్పు పనికి పనికిరాకపోయిన చాలదు. జీతము తెచ్చు పని యేదియు చేయజాలనివాడై యుండవలెను. ఒక చేయి పోయినను, కూర్చుండి లెక్కలు వ్రాయగలవాడు ఈ సొమ్మునకు అర్హుడు కాడు. 2021లో దీనిని కొంత సడలించిరి. నా అభిప్రాయమున ఆ చట్టమందలి బలహీన భాగమిదియే. చనిపోయినవాని యింట ఒక భోక్త తగ్గును. మంచము పట్టినవాని యింట సంపాదన తగ్గి ఖర్చు పెరుగును. కఠినముగ తోచినను ఇది యింటి లెక్క. కంటికి కనబడని గాయములను 2022లో లెక్కలోనికి తెచ్చిరి. ఘోరములను చూచి మనస్సు చెదరి, తుదకు ఆత్మహత్య చేసికొన్నవాని కుటుంబమునకును కొన్ని షరతులతో ఆనాటినుండి హక్కు కలిగినది.

సొమ్మును పంచు విధానము ఇట్లున్నది. భార్య మాత్రమున్నచో అంతయు ఆమెకే. భార్యయు బిడ్డలును ఉన్నచో ఆమెకు సగము, బిడ్డలకందఱకు కలిపి సగము. భార్య లేనిచో బిడ్డలకు సమముగ. బిడ్డలనగా పదునెనిమిదేండ్ల లోపువారు, ఇరువదిరెండేండ్లవఱకు చదువుకొనుచున్నవారు, తమ్ము తాము పోషించుకొనజాలనివారు. భార్యాబిడ్డలు లేనిచో దళమున తాను వ్రాసియిచ్చిన పత్రములోని వ్యక్తికి. అదియు లేనిచో అతని జీవితభీమా పత్రమున పేరున్నవారికి. ఆ పిమ్మట తల్లిదండ్రులకు. భార్యాబిడ్డలున్నచో ముసలి తల్లిదండ్రులకు చిల్లిగవ్వ లేదు. మన 1956వ సంవత్సరపు హిందూ వారసత్వపు చట్టమున తల్లికి భార్యాబిడ్డలతో సమానముగ భాగముండుటకు అలవాటుపడిన మనకు ఇది వింతగ తోచును.

తెలంగాణమున 2018లో ఆరంభించిన రైతు బీమాలో నామినీ పేరు వ్రాసియిచ్చినవారికి ఈ పత్రముల సంగతి కొంత తెలిసియేయుండును. కాని భేదమొకటి గమనింపవలెను. రైతు బీమాలో పట్టాదారు ఏ కారణమున మరణించినను 5 లక్షల రూపాయలు నామినీకి చేరుటకు ఏర్పాటు చేసిరి. చావునకు కారణము అడుగనక్కఱలేదు. అమెరికా చట్టమున మొత్తము పెద్దది గాని, కారణమును నిరూపింపక దానిలో దమ్మిడీ రాదు. నామినీ పేరు కాలముతో మార్చకుండుటవలన వచ్చు తగవులు మాత్రము రెండుచోట్లను ఒక్కటే. పెండ్లికి ముందు తల్లి పేరు వ్రాసి, ఆమె గతించిన తరువాతను దానిని దిద్దనివారు మన సంఘపు వాటా రిజిస్టరులలో నెందఱు లేరు!

ఆ చట్టమున రైతుల కంటికి మిక్కిలి నచ్చదగిన నిబంధన యొకటి గలదు. ఈ సొమ్మును అప్పులవారు జప్తు చేయరాదు. చనిపోయినవాడు బ్యాంకునకు బాకీయున్నను, వర్తకునికి బాకీయున్నను, కోర్టు డిక్రీ చేతనున్నను, ప్రభుత్వము కుటుంబమునకిచ్చు ఈ మొత్తముపై చేయి వేయ వీలులేదు. మన దేశమున సహకార సంఘములు పుట్టినదే వడ్డీవ్యాపారి బాధ పడలేక. కర్త పోయిన మఱునాడే గుమ్మమున వచ్చి కూర్చుండు ఋణదాతను ఎఱిగినవారికి ఈ యొక్క వాక్యపు విలువ తెలియును. సొమ్ము ఎంత పెద్దదైనను, అది వచ్చిన ద్వారముననే బయటికి పోయినచో బిడ్డలకేమి మిగులును? మరణ పరిహారముపై కేంద్ర ప్రభుత్వపు ఆదాయపు పన్నును లేదు.

బిడ్డల చదువునకు వేఱుగ నెలనెల సాయము గలదు. దీనిని మొదట 1996లో కేంద్ర ప్రభుత్వపు పోలీసుల బిడ్డలకు పెట్టి, 1998లో రాష్ట్రములవారికి, పల్లెలవారికి విస్తరించిరి. చనిపోయినవాని భార్యయు చదువదలచినచో పొందవచ్చును. కాని కాగితములు ఏండ్ల తరబడి తేలకుండుటచే ఒక వింత అన్యాయము జరుగుచుండెను. తండ్రి కేసు తెమలునప్పటికి బిడ్డకు వయస్సు దాటిపోవును. చదువు వయస్సు కచేరీలోనే కరగిపోవును. 2017లో దీనిని దిద్దిరి. ఆలస్యము కచేరీదైనచో, వయస్సు దాటినను బిడ్డకు సాయమిచ్చుటకు వీలు కల్పించిరి. పరిష్కారము కాని దరఖాస్తుల లెక్కను ప్రజలకు తెలియునట్లు ప్రకటింపవలెననియు ఆ చట్టముననే విధించిరి.

దరఖాస్తునకు గడువు సాధారణముగ మరణించిన దినమునుండి మూడు సంవత్సరములు. మరణ ధ్రువపత్రము, వివాహ ధ్రువపత్రము, బిడ్డల జనన పత్రములు కుటుంబము తేవలెను. ఏ పిలుపుపై పోయెను, ఎన్ని గంటలకు పోయెను, అచ్చట ఏ పని చేయుచుండెను, ఎట్లు గాయపడెను అను వివరములు దళపు అధిపతి తన నివేదికలో తెలుపవలెను. శవపరీక్ష జరిగియున్నచో ఆ కాగితమును, రక్తమున మత్తుపదార్థములను చూచిన పరీక్ష కాగితమును జతచేయుదురు. నగరములలో ఈ పనికి గుమాస్తాలుందురు. పల్లె దళమున కార్యదర్శియు జీతము లేని సేవకుడే; పగలు పొలము పని చేసికొని, రాత్రి దీపము ముందట కూర్చుండి, నాటి పిలుపునకు ఎవరెవరు వచ్చిరో, ఎన్ని గంటలకు వచ్చిరో రిజిస్టరులో ఎక్కించువాడతడే. గుండెపోటు కేసులలో 24 గంటల లెక్క మొదలగునది ఆతడు వ్రాసిన గంటనుండియే.